డిమర్: ఒక అరుదైన ఇంగ్లీషు క్రియ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు దస్తావేజులను తెలుగులోకి తెచ్చే పని నేను చెన్నైలో చాలా ఏళ్లుగా చేస్తున్నాను. రాజాజీ సాలైలో కస్టమ్స్ హౌస్ చుట్టుపక్కల క్లియరింగ్ కార్యాలయాలలో పనిచేసే తెలుగువారు, ఆ దగ్గరలోనే హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్ న్యాయవాదులు, బ్యాంకు పత్రాలు పట్టుకొని వచ్చే కాంట్రాక్టర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే మాటలలో "డిమర్" (demur) ఒకటి. మాట్లాడేటప్పుడు దీనిని దాదాపు ఎవరూ వాడరు. సంతకం పెట్టే కాగితాలలో మాత్రం ఇది తరచుగా ఎదురవుతుంది. అందుకే దీని అర్థాన్ని స్థూలంగా తెలుసుకుంటే చాలదని నా అభిప్రాయం.

డిమర్ అంటే ఏమిటి?

ఎదుటివారు చెప్పినదానికి వెంటనే సరేననకుండా, తనకొక సందేహమో అభ్యంతరమో ఉన్నదని తెలియజేస్తూ, ఒప్పుకోవడానికి వెనకాడటమే డిమర్. ఇందులో రెండు పనులు కలిసి ఉన్నాయి. ఒకటి ఆగటం, రెండవది ఆగిన సంగతిని ఏదో ఒక రూపంలో పైకి తెలియనివ్వటం. మనసులోనే తటపటాయించి పైకి ఏమీ అనని మనిషి విషయంలో ఈ క్రియ చెల్లదు. కుదరదు పొమ్మని తేల్చి చెప్పినవారి విషయంలోనూ చెల్లదు. "రేపే వచ్చి తాంబూలాలు పుచ్చుకోండి" అని పిల్ల తండ్రి అంటే, "రేపు అమావాస్య కదండీ" అని పిల్లవాడి మేనమామ ఒక్క క్షణం ఆగాడనుకోండి. ఆయన సంబంధం వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. ఆ ఆగటానికి ఇంగ్లీషులో సరిగ్గా సరిపోయే క్రియ ఇదే.

దీనిని ఎలా పలకాలి, ఎలా రాయాలి?

ఊనిక రెండవ అక్షరం మీద పడుతుంది: డి-మర్. బ్రిటిష్ ఉచ్చారణలో చివరి రకారం దాదాపు వినిపించదు, అమెరికన్ ఉచ్చారణలో వినిపిస్తుంది. ఊనిక చివరి అక్షరం మీద ఉన్నందువల్లనే భూతకాల రూపంలో ఆర్ అనే అక్షరాన్ని రెండుసార్లు రాయాలి. నామవాచకంగా కూడా "డిమర్" అనే రూపమే చెల్లుతుంది. "డిమరల్" అనే రూపం కూడా ఉన్నది.

ఆగటం అనే అర్థం నుంచి అభ్యంతరం అనే అర్థం ఎలా పుట్టింది?

నాకు ఈ మాట మీద ఇష్టం కలగటానికి కారణం ఈ ప్రశ్నే కనుక కొంచెం వివరంగా చెబుతాను. లాటిన్‌లో "మోరా" అంటే జాగు. దాని నుంచి "మొరారి" అంటే జాగు చేయటం, దానికి ముందు ఉపసర్గ చేరి "డెమొరారి" అంటే నిలిచిపోవటం, ఆలస్యం చేయటం అనే క్రియలు ఏర్పడ్డాయి. అది పాత ఫ్రెంచి గుండా సుమారు 1200 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటి అర్థం కేవలం ఆగిపోవటం, తాత్సారం చేయటం మాత్రమే. అభ్యంతరం ఊసు అందులో లేదు. అభ్యంతరం చెప్పటమనే సాధారణార్థం 17వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. మధ్యలో ఆ మాటను ఆ దారికి తిప్పింది న్యాయస్థానం, ఆ సంగతి తరువాతి ప్రశ్నలలో వస్తుంది.

ఫ్రెంచిలో మాత్రం అదే క్రియ మరో దారి పట్టింది. ఇప్పటి ఫ్రెంచిలో "దెమరె" అంటే నివసించటం. ఒకచోట ఆగిపోయినవాడు అక్కడే కాపురం ఉన్నవాడయ్యాడు. ఇది మనకు దూరపు సంగతిగా అనిపించవచ్చు గాని, చెన్నైలో మలయాళీల పక్క వాటాలో ఉన్న తెలుగువారికి దీనికి సాటి వచ్చే మాట రోజూ వినిపిస్తూనే ఉంటుంది. సంస్కృతం నుంచి వచ్చిన "తామసం" తెలుగులో జాగు అనే అర్థమిస్తుంది. తామసించటమంటే ఆలస్యం చేయటం. అదే మాట మలయాళంలో ఆలస్యం అనే అర్థంతోపాటు నివాసం అనే అర్థాన్ని కూడా ఇస్తుంది. "ఎక్కడ తామసం?" అని మలయాళీ అడిగితే ఎక్కడ ఉంటున్నారని అడిగినట్టు. లాటిన్ ధాతువు ఫ్రెంచికి చేరేసరికి జరిగిన మార్పూ, సంస్కృత పదం మలయాళానికి చేరేసరికి జరిగిన మార్పూ ఒకే రకానివి. ఒక దానికొకటి ఏ సంబంధమూ లేని ఈ రెండు భాషలూ ఆగటం నుంచి ఉండటానికి ఒకే దారిన నడవటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

"మోరా" కుటుంబానికి చెందిన మరొక మాట మనందరికీ తెలుసు. 2020 మార్చిలో కోవిడ్ సమయాన రిజర్వు బ్యాంకు అప్పుల వాయిదాలకు ఇచ్చిన "మారటోరియం" ఈ ధాతువు నుంచి వచ్చినదే. కట్టవలసిన గడువును ఆపి ఉంచటమని దాని భావం. సొరచేపలకూ ఓడల అడుగుభాగానికీ అంటుకొని తిరిగే "రెమొరా" చేప పేరుకు కూడా ఇదే మూలం. అది పట్టుకుంటే ఓడ కదలదని ప్రాచీన రోమన్లు నమ్మేవారు, అందుకే దానికి అడ్డంకి అని అర్థమిచ్చే ఆ పేరు పెట్టారు.

హార్బరులో వినే డెమరేజికి దీనితో సంబంధం ఉందా?

ఉన్నది, అది ఈ క్రియకు సొంత బిడ్డ వంటి మాట. క్రియకు ఉన్న పాత అర్థం, అంటే ఆగిపోవటం, ఈ వ్యాపార పదంలో చెక్కుచెదరకుండా మిగిలింది. ఓడను అద్దెకు తీసుకొనే ఒప్పందాన్ని చార్టర్ పార్టీ అంటారు. సరుకు ఎక్కించటానికీ దించటానికీ ఓడ యజమాని ఇచ్చే గడువును లేటైమ్ అంటారు. ఉదాహరణకు ఐదు రోజుల గడువు ఇచ్చిన ఓడలో దిగుమతి ఏడు రోజులు పట్టిందనుకుందాం. మిగిలిన రెండు రోజులకూ ఒప్పందంలో రాసుకున్న దినసరి రేటు చొప్పున అద్దెదారు కట్టవలసినదే డెమరేజి. గడువుకంటే ముందే పని ముగిస్తే, ఒప్పందంలో ఆ షరతు ఉన్నప్పుడు, యజమానే అద్దెదారుకు కొంత తిరిగి ఇస్తాడు. దానికి డిస్పాచ్ అని పేరు. లేటైమ్ ఒకసారి అయిపోయిన తరువాత ఆదివారాలు, సెలవులు కూడా లెక్కలోకి వస్తాయన్నది, ఒప్పందం వేరుగా చెప్పనంతవరకు, ఈ వృత్తిలో అందరూ పాటించే సూత్రం. గడువులో మినహాయింపుగా ఉన్న ఆదివారం డెమరేజిలో మినహాయింపు కాదన్న సంగతి తెలియక ఇబ్బందిపడినవారు చాలామంది ఉన్నారు.

చెన్నై హార్బరులో 1983లో కంటైనర్ల కోసం ప్రత్యేక టెర్మినల్ వచ్చిన తరువాత ఈ మాట ఓడ నుంచి పెట్టెకు కూడా దిగింది. సరుకుతో ఉన్న కంటైనరును ఉచిత దినాలు దాటినా టెర్మినల్ నుంచి విడిపించుకోకపోతే పడేది డెమరేజి. విడిపించుకొని వెళ్లి, ఖాళీ కంటైనరును గడువులోగా తిరిగి అప్పగించకపోతే షిప్పింగ్ కంపెనీ వేసేది డిటెన్షన్. ఈ రెండింటినీ కలిపి డెమరేజి అనేయటం మన కార్యాలయాలలో అలవాటే గాని, బిల్లు చేతికి వచ్చినప్పుడు ఎవరికి ఎందుకు కడుతున్నామో తెలుసుకోవటానికి ఈ తేడా తప్పనిసరిగా గుర్తుండాలి. రైల్వేలో గడువు దాటి వ్యాగన్లను నిలిపి ఉంచినందుకు డెమరేజి పడుతుంది, దించిన సరుకును రైల్వే స్థలంలోంచి తీయనందుకు వార్ఫేజి పడుతుంది.

న్యాయస్థానంలో డిమరర్ అంటే ఏమిటి?

వాది తన పత్రంలో చెప్పిన సంగతులన్నీ నిజమేనని ప్రస్తుతానికి అనుకున్నా, వాటి వల్ల చట్టప్రకారం తనమీద ఏ హక్కూ ఏర్పడదు కదా అని ప్రతివాది లేవనెత్తే అభ్యంతరానికి డిమరర్ అని పేరు. "మీరన్నదే అనుకుందాం, అయితే ఏమిటి?" అన్నది దాని సారం. అలా అన్నప్పుడు సాక్ష్యాలు వినవలసిన పని అక్కడికి ఆగిపోతుంది. ముందు ఆ చట్టసంబంధమైన ప్రశ్న తేలాలి. వ్యాజ్యం ముందుకు నడవకుండా ఆగుతుంది కనుకనే దానికి ఆగటమనే అర్థమున్న ఈ మాటను వాడారు. 16వ శతాబ్దంలోనే ఇంగ్లండు న్యాయస్థానాలలో వాడుకలో ఉన్న ఈ ప్రయోగం నుంచే, ఆపటం అంటే అభ్యంతరం చెప్పటమనే అర్థం బయటి భాషలోకి నడిచింది.

ఇంగ్లండులో సివిల్ వ్యాజ్యాలకు సంబంధించినంతవరకు డిమరర్‌ను 1883 నియమాలు తొలగించాయి. అమెరికా ఫెడరల్ న్యాయస్థానాలలో 1938 నుంచి దాని స్థానంలో వేరొక పద్ధతి వచ్చింది గాని, కాలిఫోర్నియా, వర్జీనియా వంటి రాష్ట్రాలలో ఇప్పటికీ అదే పేరుతో దాఖలు చేస్తున్నారు. మన దేశంలో ఆ పేరుతో ప్రత్యేక దరఖాస్తు లేదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 7 రూల్ 11 కింద, వ్యాజ్యకారణమే కనిపించటం లేదు కనుక వాదపత్రాన్ని తిరస్కరించమని ప్రతివాది కోరటం దానికి దగ్గరి చుట్టం. అక్కడ కూడా న్యాయమూర్తి వాదపత్రంలో ఉన్నదానినే చూస్తారు, ప్రతివాది చెప్పే కథను చూడరు. అయితే తీర్పులలో "ఆన్ డిమరర్" అన్న పదబంధం మన న్యాయస్థానాలలో నేటికీ తరచుగా కనిపిస్తుంది. జూనియర్ న్యాయవాదులు దానిని "అభ్యంతరం మీద" అని అనువదించుకొని తికమక పడుతుంటారు. "వాది చెప్పినదంతా నిజమేనని అనుకొని చూసినా" అని విడమరచి రాస్తేనే తెలుగులో అర్థం నిలుస్తుంది.

ఇది తిరస్కరించటంతో సమానమా? తెలుగులో ఏ మాట వాడాలి?

సమానం కాదు. ఈ విషయంలో పట్టుదలగా ఉండటానికి నాకొక కారణం ఉన్నది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒక దిగుమతిదారు రాసిన ఉత్తరంలోని ఈ క్రియను "సవరించిన ధరను తిరస్కరించారు" అని తెనిగించాను. ఆయన నిజానికి ధర మీద సందేహం తెలిపి, కొన్ని వివరాలు అడిగారు, అంతే. తెలుగు ప్రతి చదివిన సరఫరాదారు బేరం తెగిపోయిందనుకొని సరుకును వేరొకరికి ఇచ్చేశారు. తప్పు నాది, నష్టం ఆ ఇద్దరిదీ. ఆ రోజు నుంచి ఈ మాట ఎదురైన ప్రతిచోటా ఆగి, దాని బరువు ఎంతో తూచుకున్న తరువాతే కలం కదుపుతున్నాను.

తెలుగులో వెనకంజకు సంబంధించిన మాటలకు కొదవ లేదు, కాని ఒక్కొక్క దాని బరువు ఒక్కొక్క విధం. "సంకోచించు", "తటపటాయించు" అన్నవి లోపలి స్థితిని చెబుతాయి, పైకి ఏమైనా అన్నారా లేదా అన్నది చెప్పవు. "నసుగు", "నీళ్లు నములు" అన్నవి మాట పెగలకపోవటాన్ని చెబుతాయి, పైగా అందులో కాస్త చిన్నచూపు కూడా ఉన్నది. ఇంగ్లీషు క్రియలో ఆ చిన్నచూపు లేదు. "మీనమేషాలు లెక్కించు" అన్నది కావాలని చేసే కాలయాపన. "ససేమిరా అను" అన్నది తాడు తెగేదాకా లాగిన తిరస్కారం. ఈ వరసలో డిమర్‌కు చోటు వెతికితే "అభ్యంతరం తెలుపుతూ వెనకాడారు" అన్నది చాలా సందర్భాలలో సరిపోతుంది. ఒకే మాట కావాలని పట్టుబడితే "వెనకాడు" అన్నదే నా ఎంపిక. అభ్యంతరం ఏమిటో పక్క వాక్యంలో చెప్పినప్పుడు ఆ మాట ఒక్కటే చాలు.

ఒక ప్రశంసకో ఆహ్వానానికో జవాబుగా ఈ క్రియ వస్తే ఎలా అర్థం చేసుకోవాలి?

అక్కడ అర్థం కొంచెం మెత్తబడుతుంది. సన్మానం చేస్తామని వచ్చినవారితో ఒక పెద్దాయన "ఇప్పుడు నాకెందుకండీ ఇవన్నీ" అన్నారని చెప్పటానికి ఇంగ్లీషు విలేకరులు ఈ క్రియనే వాడతారు. వ్యాఖ్యానించమని అడిగితే సున్నితంగా తప్పుకొన్న అధికారి విషయంలోనూ అంతే. ఇటువంటిచోట్ల "మృదువుగా వద్దన్నారు", "సున్నితంగా దాటవేశారు" అన్నవి చక్కగా కుదురుతాయి, "ఆక్షేపించారు" అనటం మాత్రం ఆ మనిషికి అన్యాయం చేస్తుంది. సంభాషణలో నేరుగా చెప్పిన మాటల తరువాత "అన్నారు" అన్న క్రియకు బదులుగా కూడా దీనిని వాడటం కథలలో కనిపిస్తుంది.

వాక్యంలో దీని తరువాత ఏమి రావాలి?

ఇది అకర్మక క్రియ. "హీ డిమర్డ్ ద ప్రపోజల్" అని రాయటం నేటి ఇంగ్లీషులో తప్పు. "హీ డిమర్డ్ ఎట్ ద ప్రపోజల్" అని గాని "టు ద ప్రపోజల్" అని గాని రాయాలి. న్యాయస్థాన భాషలో "టు" అన్నదే రివాజు. "ప్రతిపాదనను" అని ద్వితీయా విభక్తిలో ఆలోచించే అలవాటు వల్ల మనవారు ఆ చిన్న మాటను వదిలేస్తుంటారు. ఏమీ చేర్చకుండా వాక్యాన్ని ఆ క్రియతోనే ముగించినా దోషం లేదు.

డిమ్యూర్ అనే విశేషణం, ఇది ఒకటేనా?

కాదు. డిమ్యూర్ (demure) అంటే అణకువగా, ఒద్దికగా ఉండటం. ఒక సామాజిక మాధ్యమ వీడియో వల్ల అది 2024లో ప్రపంచమంతా మారుమోగింది, ఆ ఏడాది డిక్షనరీ డాట్ కామ్ దానిని సంవత్సరపు పదంగా ఎంచుకున్నది. అప్పటి నుంచి కళాశాల విద్యార్థులు ఈ రెండింటినీ కలగలపటం ఎక్కువైంది. డిమ్యూర్‌కు మూలం పక్వమైన అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట అయి ఉండవచ్చునని పండితుల అభిప్రాయం. అందులో మన క్రియ నీడ కూడా కొంత పడిందని భావించేవారు ఉన్నారు. రాతలో తేడా చివరి ఒక్క అక్షరమే అయినా, ఒకటి క్రియ, మరొకటి విశేషణం అని గుర్తుంచుకుంటే పొరపాటు జరగదు.

తెలుగు "మొరాయించు"కూ దీనికీ బంధుత్వం ఉందా?

లేదు. ధ్వని కలవటం యాదృచ్ఛికమే. కాని గుర్తుపెట్టుకోవటానికి పనికివస్తుంది కనుక, విద్యార్థులు ఆ పోలికను ఆసరాగా పెట్టుకుంటే నేను వారించను. మొరాయించటంలో ఉన్న మొండితనం ఇంగ్లీషు మాటలో లేదని మాత్రం చెబుతాను.

రోజువారీ మాటలలో వాడవచ్చా?

వాడవచ్చు గాని, ఎదుటివారికి తెలియకపోతే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. ఉత్తరాలలో, నివేదికలలో, తీర్పులలో దీనికి చక్కని చోటున్నది.

బ్యాంకు గ్యారంటీలో "వితౌట్ ఎనీ డిమర్" అని ఎందుకు రాస్తారు? దానిని తెలుగులో ఎలా చెప్పాలి?

మన కాంట్రాక్టర్లలో చాలామంది ఈ మాటను తమకు తెలియకుండానే తమ జీవితంలోకి తెచ్చుకున్న చోటు ఇదే. ప్రభుత్వ పనికి టెండరు దక్కిన కాంట్రాక్టరు, పని సరిగా చేస్తానన్న హామీకి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. ఆ పత్రంలో బ్యాంకు, పని ఇచ్చిన శాఖ అడిగిన వెంటనే, కేవలం ఆ డిమాండు మీదనే, "వితౌట్ ఎనీ డిమర్" సొమ్ము చెల్లిస్తానని ఒప్పుకుంటుంది. కాంట్రాక్టరుకూ శాఖకూ మధ్య వివాదం ఉన్నా, పని బాగానే జరిగిందని కాంట్రాక్టరు మొత్తుకున్నా, ఆ సంగతులలోకి బ్యాంకు వెళ్లకూడదు. షరతులు లేని గ్యారంటీని అడగగానే చెల్లించి తీరాలనీ, తీవ్రమైన మోసం గాని, తిరిగి పూడ్చుకోలేని నష్టం గాని ఉన్న అరుదైన సందర్భాలలో తప్ప న్యాయస్థానాలు అడ్డుపడవనీ సుప్రీంకోర్టు అనేక తీర్పులలో చెప్పింది.

ఇక్కడ ఆ నామవాచకం తన రెండు అర్థాలతోనూ నిలబడి ఉన్నది. బ్యాంకు అభ్యంతరం చెప్పకూడదు, ఆలస్యమూ చేయకూడదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి "జాగు", 17వ శతాబ్దపు "అభ్యంతరం", రెండూ ఒకే నోట పలుకుతున్నాయి. అందువల్ల "అభ్యంతరం లేకుండా" అని సగం మాత్రమే అనువదిస్తే, అభ్యంతరం చెప్పకుండా నెలలు సాగదీసే అవకాశం తెలుగు చదివినవారి మనసులో మిగిలిపోతుంది. మా పాత గుమాస్తాలలో కొందరు "మారుమాట లేకుండా" అని రాసేవారు. వినటానికి అది ఎంతో బాగుంటుంది, తెలుగు నుడికారం కూడా, కాని అందులోనూ కాలం సంగతి జారిపోతుంది. ఇప్పుడు నా దగ్గరకు గ్యారంటీ పత్రాలు వస్తే ఆ వాక్యాన్ని నేను ఇలా రాస్తున్నాను: "శాఖ వారు వ్రాతపూర్వకంగా కోరిన వెంటనే, ఏ అభ్యంతరమూ చెప్పక, ఏ మాత్రమూ జాగు చేయక, బ్యాంకు ఆ సొమ్మును చెల్లించవలెను." కాంట్రాక్టరు సంతకం పెట్టే ముందు ఆ వాక్యాన్ని ఆయనకు పైకి చదివి వినిపిస్తాను. చాలామంది అక్కడ ఆగి, "అంటే మేము తప్పు చేయకపోయినా కట్టేస్తారా?" అని అడుగుతారు. అవును, ముందు కట్టేస్తారు, వివాదం తరువాత తేలుతుందని చెబుతాను.